రేడియో పది నిమిషాలకే ఆగిపోతోందా? కొత్త సెల్ కొనే ముందు మీటర్ పెట్టండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను బాబూ. వజ్రపుకొత్తూరు దగ్గర ఊరు. నాన్నగారు జీడితోటకు వెళ్లేటప్పుడు చంకన పెట్టుకెళ్లే చిన్న రేడియో, లోపల పొడుగాటి గుండ్రటి లిథియం సెల్ ఒకటి. కొన్న ఏడాదికి ఛార్జింగ్ నిలవడం మానేసింది. కొట్లో కొత్త సెల్ కొని వేశారు, దాని మీద 9900 అని అచ్చేసి ఉంది. నెల్లాళ్లు నడిచి మళ్లీ అదే రోగం. ఛార్జింగ్ పెట్టిన పావుగంటకే ఆకుపచ్చ లైటు వచ్చేస్తుంది. తీరా తోటకెళ్లి పెడితే పది నిమిషాల్లో గొంతు పీలగా అయి ఆగిపోతుంది. సౌండు బాగా తగ్గిస్తే మాత్రం ఇంకాసేపు పాడుతుంది. ఇంకో సెల్ కొనాలా, రేడియోనే పారేయాలా అని అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో ముప్పై ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసి కొట్టు మూసేసినవాణ్ణి. ఆ ముప్పై ఏళ్లలో నేను అనవసరంగా మార్చిన బ్యాటరీలకు లెక్క లేదు. కొత్తది వేస్తే నెల రోజులు బాగా నడిచేది, ఆ తర్వాత మనిషి మళ్లీ గుమ్మంలో నిలబడేవాడు. అప్పుడు గానీ తెలిసేది కాదు నాకు, జబ్బు సెల్‌లో లేదని.

మీరు రాసినవాటిలో నాకు పనికొచ్చిన ముక్క ఆ చివరిది, సౌండు తగ్గిస్తే ఇంకాసేపు పాడుతుందన్నది. నిజంగా ఛార్జి అయిపోయిన సెల్ అయితే సౌండు తగ్గించినా పెద్ద తేడా ఉండదు, కాసేపటికి ఆరిపోతుంది. సౌండు పెంచితే చచ్చి, తగ్గిస్తే బతుకుతోందంటే లోపల కరెంటు ఉంది, బయటికి వచ్చే దారి ఇరుకుగా ఉంది అని అర్థం. కుండ నిండా నీళ్లుండి మూతి దగ్గర పీచు అడ్డుపడితే ఎలా కారుతుందో అలా అన్నమాట. ఆ అడ్డం సెల్ లోపలైనా ఉండాలి, సెల్‌కీ రేడియో లోపలి సర్క్యూట్ బోర్డుకీ మధ్యనైనా ఉండాలి. రెండింట్లో ఏదో చెప్పడానికి మీటర్ ఒక్కటి చాలు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ లేకపోతే కొనండి. పసుపు రంగు చిన్నది రెండు మూడు వందల్లో దొరుకుతుంది, ఇలాంటి పనికి అది ధారాళంగా సరిపోతుంది. డీసీ వోల్టేజీలో 20 అన్న గీత దగ్గర తిప్పి పెట్టండి. ఎర్రవైరు మీటరు మీద వోల్టులు అని రాసిన రంధ్రంలోనే ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. 10 ఆంపియర్లు అని రాసిన రంధ్రంలో ఉంచి లిథియం సెల్‌కి తాకించారంటే సెల్‌ని నేరుగా షార్ట్ చేసినట్టే, నిప్పురవ్వలు లేస్తాయి. నా దగ్గర పని నేర్చుకోడానికి వచ్చిన కుర్రాళ్లలో ఆ పని చెయ్యనివాడు లేడు.

ఇప్పుడు రేడియో వెనక మూత తీయండి. సెల్ పక్కకి కదపొద్దు, ఉన్నచోటే ఉండనివ్వండి. ముందు రేడియో ఆపి, మీటరు పుల్లలు రెండూ సెల్ తలకీ అడుక్కీ తాకించి అంకె చూడండి. స్ప్రింగుకి కాదు, సెల్ లోహానికే తాకాలి. నిండా ఛార్జి ఉంటే 4.1, 4.2 దగ్గర ఉంటుంది. సగంలో ఉంటే 3.7, 3.8. ఈ అంకె చూసి సంతోషించకండి, పని లేకుండా కూర్చున్న సెల్ సాధారణంగా మంచి అంకే చెబుతుంది. ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తాడు, మెట్లెక్కమంటేనే కదా ఆయాసం బయటపడేది.

కాబట్టి రేడియో పెట్టి, సౌండు గట్టిగా పెంచి, అప్పుడు రెండు చోట్ల కొలవండి. మొదటిది ఇందాకటిలాగే సెల్ లోహం మీద. రెండోది, సెల్ పెట్టెలోంచి వచ్చిన ఎర్రవైరు, నల్లవైరు బోర్డు మీద ఎక్కడ సోల్డరింగ్ చేసి ఉన్నాయో అక్కడ. ఈ రెండంకెల మధ్య తేడాలోనే మీ జవాబంతా ఉంది. సెల్ మీద 3.9 ఉండి బోర్డు మీద 3.2 చూపిస్తోందనుకోండి, సెల్ మంచిదే, మధ్యలో ఎక్కడో 0.7 వోల్టు తినేస్తోంది. రెండు చోట్లా 3.2 చూపిస్తోందనుకోండి, దారి బాగానే ఉంది, సెల్లే నీరసించింది. అంతే. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. అయినా రిపేరు చేసేవాళ్లలో కూడా చాలామంది రెండోచోట కొలవరు.

ఆకుపచ్చ లైటు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఇలాంటి చవక సెట్లలో మామూలుగా 4056 అన్న నంబరుతో ఉండే చిన్న ఛార్జింగ్ చిప్ వాడతారు. సెల్‌లో ఎంత నిండిందో దానికి తెలియదు. తన కాళ్ల దగ్గర 4.2 వోల్టులు దాటనివ్వకుండా పట్టుకుంటుంది, లోపలికి పోయే కరెంటు మొదట పెట్టినదాంట్లో పదో వంతుకి పడిపోతే నిండిపోయిందనుకుని ఆపేస్తుంది. 1 ఆంపియర్‌కి అమర్చి ఉంటే 100 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుందన్నమాట. మీ సెల్ 3.7 వోల్టుల దగ్గరే ఉంది, దారిలో తుప్పు వల్ల 5 ఓమ్‌ల అడ్డం ఉందనుకుందాం. మిగిలిన అర వోల్టు తోపుడుకి ఆ 5 ఓమ్‌ల గుండా 100 మిల్లీఆంపియర్ల కంటే పోదు. చిప్ పాపం నిజాయితీగానే ఆకుపచ్చ వెలిగిస్తుంది, సెల్ మాత్రం సగం కడుపుతోనే ఉంటుంది. అదే రేడియోని గట్టిగా పెట్టినప్పుడు ఒక్కో దెబ్బకి 300 మిల్లీఆంపియర్ల దాకా లాగితే, అదే 5 ఓమ్‌ల దగ్గర వోల్టున్నర పోతుంది. బోర్డుకి మిగిలేది రెండు వోల్టుల పైచిలుకు. ఆగిపోక ఏం చేస్తుంది? మీరు చెప్పిన రెండు లక్షణాలూ, త్వరగా వచ్చే ఆకుపచ్చ, సౌండు పెంచితే చావడం, ఒకే కారణానికి రెండు కొసలు కావచ్చు.

అందుకే నా అనుమానం ముందు స్ప్రింగు మీదకి పోతోంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు. నా కొట్టుకి రాజాం, బొబ్బిలి నుంచి వచ్చే సెట్లు విప్పితే దుమ్ము రాలేది. భోగాపురం, పూసపాటిరేగ, చింతపల్లి వైపు నుంచి వచ్చేవి విప్పితే స్ప్రింగు మీద చిలుము, స్క్రూల తలల మీద తుప్పు. ఒకే కంపెనీ, ఒకే ఏడాది కొన్న సెట్లయినా సరే. కొత్త సెల్ వేసినప్పుడు ఏమవుతుందంటే, అది దూర్చేటప్పుడు రాపిడికి ఆ తుప్పు కాస్త గీరుకుపోతుంది, లోహానికి లోహం తగులుతుంది. నెల్లాళ్లు బాగుంటుంది. కొట్టువాడు మంచి సెల్ ఇచ్చాడని మనం అనుకుంటాం. ఆ నెల్లాళ్లలో ఉప్పుగాలి మళ్లీ తన పని తాను చేసుకుపోతుంది.

స్ప్రింగు బాగుచేయడం పెద్ద పని కాదు. సెల్ తీసి పక్కన పెట్టండి, దాని రెండు కొసలూ తాళాల గుత్తికో గొళ్లేనికో తగలని చోట. సన్నరకం ఉప్పుకాగితం చిన్న ముక్క మడిచి స్ప్రింగు కొసనీ, ఎదురుగా ఉండే రేకునీ మెరిసేదాకా రుద్దండి. పాత పళ్లబ్రష్‌తో దులిపి, మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక వేలికొసకి వ్యాజ్‌లైన్ అంటీ అంటనట్టు తీసుకుని పూయండి, గాలి తగలకుండా. కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. స్ప్రింగు వదులైపోయి ఉంటే కాస్త పైకి లాగండి.

ఒక్క చిక్కుంది. స్ప్రింగు మీద ఉండే నికెల్ పూత మనం రుద్దినప్పుడే పోతుంది, కాబట్టి ఈసారి తుప్పు ఇంకా త్వరగా వస్తుంది. ఆరేడు నెలలకోసారి మళ్లీ తుడుచుకుంటే గడిచిపోతుంది. అలా కాదు, శాశ్వతంగా కావాలంటే స్ప్రింగు పీకేసి, రెండు కొసలా నికెల్ పట్టీ అతికించి ఉన్న సెల్ తెచ్చి, ఆ పట్టీలకు వైర్లు సోల్డరింగ్ చేయించుకోండి. పట్టీ లేని సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఇనుము పెట్టనివ్వకండి, ఎంత పాతకాలపు మేస్త్రీ అయినా సరే. ఆ వేడి లోపలి పొరలను పాడుచేస్తుంది.

ఇక ఆ 9900 గురించి. నవ్వొచ్చింది, మీ మీద కాదు. ఆ సెల్ పేరు 18650, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడుగు. అంత జాగాలో పేరున్న కంపెనీలు కూడా 3500 మిల్లీఆంపియర్ అవర్ల (సెల్ ఎంత ఛార్జి పట్టుకోగలదో చెప్పే కొలత అది) చుట్టుపక్కలే ఆగిపోయాయి. కుంచెడు గింజలు పట్టే గిన్నెలో మూడు కుంచాలు పోశానంటే నమ్ముతామా? 9900, 8800, 6800 అని రాసినవాటిలో నేను కొలిచిన చాలావరకు వెయ్యి దరిదాపుల్లో ఉండేవి, కొన్ని అదీ లేదు. తూకం వేస్తే దొంగ ఇట్టే దొరుకుతాడు. అసలైన 18650 దాదాపు 45 గ్రాములుంటుంది. మీ దగ్గర వంటింటి కాటా లేకపోతే తెలిసిన బంగారం కొట్టాయన్ని అడగండి, నవ్వుకుంటూ వేసిస్తాడు. ముప్పై, ముప్పై అయిదు గ్రాములే తూగిందంటే లోపల సరుకు లేదు. కొనేటప్పుడు 2000 నుంచి 2600 మధ్య రాసి ఉన్నది, సరైన తూకం ఉన్నది తీసుకోండి. చిన్న అంకె రాసినవాడే నిజం రాసి ఉండే అవకాశం ఎక్కువ.

సెల్ నిజంగా ఎంత పట్టి ఉంచుతోందో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. నిండా ఛార్జి చేసి, నాన్నగారు మామూలుగా పెట్టుకునే సౌండులో పెట్టి, గడియారం చూసుకోండి. ఇలాంటి చిన్న సెట్టు ఆ సౌండులో గంటకి 100 మిల్లీఆంపియర్ అవర్ల చొప్పున తింటుందనుకుంటే, 2000 సెల్ ఇరవై గంటలు రావాలి. పదిహేను వచ్చినా సరే అనుకోవచ్చు. నాలుగు గంటలకే అయిపోతే సెల్ పని అయిపోయింది. టార్చిలైటు, బ్లూటూత్ ఉన్న సెట్లయితే అవి ఆపేసి కొలవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

రాత్రి ఛార్జింగ్ పెట్టి అలాగే రేడియో వింటూ పడుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మీ ఇంట్లోనూ ఉంటే మానిపించండి. రేడియో లాగే కరెంటు కూడా ఛార్జింగ్ చిప్ గుండానే పోతుంటే, అది సెల్‌లోకే పోతోందని చిప్ భ్రమపడుతుంది. రేడియో 100 మిల్లీఆంపియర్లకు పైగా లాగుతున్నంతసేపూ కరెంటు ఆ కిందికి పడదు, ఆకుపచ్చ రాదు, సెల్ తెల్లవార్లూ 4.2 దగ్గర అలా బిగుసుకుని ఉంటుంది. లిథియం సెల్‌కి అది ఆయుక్షీణం. పైగా ఛార్జరు పెట్టి ఉండగా మీడియం వేవ్‌లో గుర్రుమని చప్పుడు వస్తుంది. విశాఖపట్నం 927 పెట్టి చూడండి, ఛార్జరు పీకగానే మనిషి గొంతు తేటగా వినపడుతుంది. అది బ్యాటరీ జబ్బు కాదు, ఛార్జరు లోపల వేగంగా కొట్టుకునే కరెంటు చప్పుడు. ఎఫ్‌ఎంలో అంతగా తెలియదు.

మీ సెట్టుకి టైప్-సి రంధ్రం ఉంటే ఇంకో తమాషా చూసి ఉంటారు. ఫోనుతో వచ్చిన, రెండు కొసలా టైప్-సి ఉన్న వైరు పెడితే లైటే వెలగదు. ఛార్జింగ్ పిన్ను పోయిందని అందరూ తీర్మానించేస్తారు. అవతల ఉన్నది కరెంటు అడిగే పరికరమని ఛార్జరుకి చెప్పడానికి రేడియో బోర్డు మీద 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. నాలుగు పైసల వస్తువు, చవక సెట్లలో అదీ మిగుల్చుకుంటారు. అవి లేకపోతే ఛార్జరు కరెంటు వదలదు. పాత చదునైన యూఎస్‌బీ కొస ఉన్న ఛార్జరుతో, దాని వైరుతో పెట్టండి, వెలుగుతుంది.

సెల్ తీసి కొలిస్తే సున్నా చూపించడం వేరే కథ. కొన్ని సెల్స్‌కి, ముఖ్యంగా పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకానికి, లోపలే చిన్న కాపలా సర్క్యూట్ ఉంటుంది. ఛార్జి మరీ అడుగంటితే అది తలుపు మూసేస్తుంది. మీటర్ సున్నా అంటుంది, మనం చచ్చిపోయిందని పారేస్తాం. ఛార్జరు పెడితే తలుపు తెరుచుకుంటుంది. ఒక గంట పెట్టి మళ్లీ కొలవండి. గంటకి కూడా మూడు వోల్టులకు ఎక్కకపోయినా, చేతికి వేడి తగిలినా ఇక వదిలేయండి. నెలల తరబడి రెండు వోల్టుల కిందే పడి ఉన్నదాన్ని బలవంతంగా లేపకూడదు. లోపల రాగి కరిగి వేరే చోట పేరుకుని ఉంటుంది, ఛార్జింగులో షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఇది నాకు అనుభవం మీద వచ్చిన తెలివి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రాత్రి విజయనగరంలో కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. ఊరందరి రేడియోలు బాగుచేసినవాణ్ణి కదా, ధీమాగా బీరువాలోంచి నా రేడియో తీశాను. కిక్కురుమనలేదు. ఆరు నెలలుగా అలాగే పడేసి ఉంచాను, సెల్ అడుగంటిపోయింది, ఛార్జి చేద్దామంటే కరెంటు లేదు. పక్కింటివాళ్ల దగ్గర మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచే సెట్టుంటే, వాళ్ల అరుగు మీద కూర్చుని వార్తలు విన్నాను. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ ఉద్దానంలో ఎన్నాళ్లు చీకట్లో ఉన్నారో నేను మీకు చెప్పక్కర్లేదు. వాడని రోజుల్లో సెల్‌ని సగం ఛార్జితో ఉంచి, రెండు మూడు నెలలకోసారి మళ్లీ సగానికి నింపండి. అక్టోబరు తుఫాన్లకు ముందు మాత్రం పూర్తిగా నింపి, గంటసేపు నడిపి చూసుకోండి.

బీఎల్-5సీ లాంటి బల్లపరుపు బ్యాటరీ ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దాన్ని నున్నటి బల్ల మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే పొట్ట ఉబ్బినట్టే. గుచ్చొద్దు, నొక్కి మూత పెట్టొద్దు, పొయ్యిలో వేయొద్దు. మీ నాన్నగారి రేడియో మే నెలలో రేకుల షెడ్డులోనో, బండి ట్యాంకు మీదో ఎండలో ఉంటోందా అన్నది కూడా చూడండి. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం సెల్‌ని ఛార్జి చేయకూడదు. పాతవి చెత్తలో వేయకుండా బ్యాటరీలు అమ్మే కొట్లో ఇచ్చేయండి. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే.

వెనక మూత తీస్తే పెన్సిల్ సెల్ ఆకారంలో 1.2 వోల్టులని రాసినవి ఉంటే అవి వేరే జాతి, పైన చెప్పిన 4.2 లెక్క వాటికి పనికిరాదు. ఒక్కోటి నిండినప్పుడు 1.4 దగ్గర ఉంటుంది, వాటి ఛార్జరు వేరు. పాత ఎమర్జెన్సీ లైటు రేడియోల్లో ఉండే 4 వోల్టుల సీసం బ్యాటరీ ఖాళీగా ఒక వర్షాకాలం ఉందంటే దాని మీద ఆశ వదులుకోవచ్చు. అది కారి తెల్లగా పేరుకుని ఉంటే వంటసోడా నీళ్లతో తుడవాలి. ఆల్కలైన్ అని రాసి ఉన్న పెన్సిల్ సెల్ కారితే నిమ్మరసం. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, మందు తారుమారు చేస్తే పని జరగదు.

మీరు ముందు ఆ కొలతలు తీయండి. రేడియో ఆపి సెల్ మీద ఒకటి, గట్టిగా పెట్టి సెల్ మీద ఒకటి, అప్పుడే బోర్డు మీద ఒకటి. మూడంకెలు, సెల్ తూకం, స్ప్రింగు ఏ రంగులో ఉందో రాయండి. బోర్డు దగ్గర తేడా 0.1 వోల్టు లోపే ఉంటే నేను పైన స్ప్రింగు మీద మోపిన నేరమంతా వెనక్కి తీసుకుంటాను, అప్పుడు బహుశా ఆ 9900దే తప్పు.